పేరున్న పటం, పేరు లేని పటం

(పుదుచ్చేరిలో విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తెరమీద కనిపిస్తున్న మనిషి టెన్‌స్క్వాటవా. అమెరికా ఆదివాసుల్లో షానీ తెగవాడు, మత ప్రబోధకుడు. ఆ పేరుకు ‘తెరిచిన తలుపు’ అని అర్థం. 1830లో జార్జ్ కాట్లిన్ అనే తెల్ల చిత్రకారుడు వేసిన తైలవర్ణ చిత్రం ఇది. ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ దగ్గర ఉంది.

ఒకప్పుడు తాగుబోతుగా పేరుపడ్డ ఈయన 1805లో తనకు దర్శనమైందని చెప్పి బోధన మొదలుపెట్టాడు. సారా మానమన్నాడు, తెల్లవాళ్ళ సరుకులు వద్దన్నాడు. అన్న టెకుమ్సేతో కలిసి, భూమి ఆదివాసులందరిదీ, ఏ ఒక్క తెగా దాన్ని అమ్మడానికి లేదని నిలబడ్డాడు. అనేక తెగల జనం ఆయన ఊరికి వచ్చి చేరారు. 1811 నవంబర్ 7న టిప్పెకానూ దగ్గర యుద్ధం జరిగింది. ఆ తర్వాత హారిసన్ సైన్యం ఆ ఊరిని తగలబెట్టింది. 1813లో టెకుమ్సే యుద్ధంలోనే చనిపోయాడు. కాట్లిన్ ఎదుట కూర్చునేనాటికి ఈయన ఓడిపోయి, సొంత నేల వదిలి, కాన్సాస్‌కు చేరినవాడు. ఆదివాసులను తూర్పు నుంచి తరిమే చట్టం వచ్చిందీ ఆ 1830లోనే.

ఇప్పుడు చేతులు చూడండి. ఒక చేతిలో ఈకలు కట్టిన కర్ర, రెండో చేతిలో గింజల దండ. అలాంటి దండలను ఆయన దూతలు దూరపు తెగలకు తీసుకెళ్ళేవాళ్ళు. దాన్ని చేతుల్లోంచి జార్చుకుంటే ప్రవక్త చేయి పట్టుకున్నట్టే. అన్నీ పోయాక కూడా వాటిని పట్టుకునే కూర్చున్నాడు. కుంచె తెల్లవాడిదే, కానీ ఆ చేతులు మాత్రం ఈయన మాటే చెబుతున్నాయని నేను అనుకుంటాను.

అలాగని ఈయన్ని దేవుణ్ణి చేయకండి. 1806లో మంత్రగాళ్ళన్న నిందతో డెలావేర్ తెగవాళ్ళను చంపించిన చరిత్ర కూడా ఈయనదే. భక్తి రాజకీయాల్లోకి వస్తే ఏమవుతుందో 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించారు కదా.

పుదుచ్చేరిలో ఈ పటం ఎందుకంటారా? పియర్ సొనెరా అనే ఫ్రెంచివాడు ఈ ఊళ్ళో ఉన్నాడు, మన యానాంలో అధికారిగానూ పనిచేశాడు. 1782లో పారిస్‌లో అచ్చయిన ఆయన యాత్రాగ్రంథంలో మనవాళ్ళ బొమ్మలున్నాయి. వృత్తి పనివాళ్ళు, బిచ్చమెత్తే సాధువులు, దేవతలు. దేవతలకు పేర్లున్నాయి. మనుషులకు దాదాపుగా కులం పేరో, పని పేరో మాత్రమే. సాధువు ఏ ఊరివాడు, ఏం బోధించాడు? ఆ ప్రశ్నే లేదు. మనిషి అక్కడ కులానికి నమూనా.

కాట్లిన్ ఉదారుడని కాదు నా వాదన. ఆ పటాలను లండన్‌లో టికెట్టు పెట్టి చూపించినవాడే ఆయన. పైగా ఈ పటం శీర్షికలో ‘టెకుమ్సే తమ్ముడు’ అన్న తోక కూడా ఉంది. అయినా ముందు ఆయన పేరుంది. ఓడిన ఆదివాసికి అమెరికాలో దక్కిన ఆ కాస్త చోటు మన దళితుడికి ఇక్కడి ఆల్బమ్‌లలో దక్కలేదు. వాడల్లో కోటు వేసుకుని పుస్తకం పట్టుకున్న అంబేడ్కర్ పటం గోడకెక్కడాన్ని ఈ చరిత్ర పక్కన పెట్టి చదవాలి. అక్కడ చేతిలో ఏముండాలో నిర్ణయించింది వాడ జనమే.

పరిశోధన చేస్తున్నవాళ్ళకు ఒక పని. పాత చిత్రాల ఆల్బమ్ తెరిచినప్పుడు రెండు వరసలు గీయండి. పేరున్నవాళ్ళు ఒకవైపు, లేనివాళ్ళు ఒకవైపు. చేతుల్లో ఏముందో కూడా రాయండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.