అరెస్టు ఆలస్యమైతే ఏం అడగాలి?

(ఓబులదేవరచెరువులో యువతతో మాట్లాడిన మాటలు)



"కేసు పెట్టి నెలయింది, ఇంకా అరెస్టు చెయ్యలేదేందన్నా?" అని తండాల్లో అడుగుతున్నారు. ఆలస్యాలు రెండు రకాలు.

ఒకటి, ఆధారం కోసం పట్టే టైం. సాక్షుల వాంగ్మూలాలు, డాక్టర్ సర్టిఫికెట్, ల్యాబ్ రిపోర్టు, ఫోన్ వివరాలు రావాలి. అనుమానం ఒక్కటే చాలని పట్టుకుపోతే ముందు నలిగేది మనోళ్లే. ఎరుకలోళ్లను, సుగాలీలను పుట్టుకతోనే నేరస్థులన్న చట్టం 1952 దాకా ఉండింది కదా!

రెండోది, ఆధారం చెడిపోయేదాకా సాగదీయడం. పాడేరు ఏజెన్సీలోని వాకపల్లి గుర్తుంచుకోండి. గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని 2007 ఆగస్టులో 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. నిందితులను గుర్తుపట్టే పరేడ్ కూడా పెట్టలేదు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు 13 మందిని నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. పరిహారం వచ్చినా, పోయిన ఆధారం తిరిగి రాదు.

అందుకే ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి, అది ఉచితం. అట్రాసిటీ కేసయితే ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. డీఎస్పీకి తగ్గని అధికారి దర్యాప్తు చేసి, 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. ఏ కేసయినా 90 రోజుల్లోగా దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో ఫిర్యాదుదారుకు చెప్పాలి. చెప్పకపోతే పుట్టపర్తిలో ఎస్పీకి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.

అరెస్టు ఎప్పుడని ఒకసారి అడిగితే, ఆధారం ఏమైందని పదిసార్లు అడగండి.