మనలో మనకు థాంక్సేమిటి?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మన ఇళ్ళల్లో ఒక చిత్రం ఉంది, గమనించారో లేదో. బజార్లో కూరలబ్బాయి నాలుగు పచ్చిమిరపకాయలు కొసరు వేస్తే "థాంక్సోయ్" అంటాం. బస్సులో ఎవరైనా జరిగి కాస్త చోటిస్తే అంటాం. కానీ తెల్లారి లేచిన దగ్గర్నించీ మనకోసం చాకిరీ చేసే మనిషికి మాత్రం అనం. అనబోతే మనకే ఎబ్బెట్టుగా ఉంటుంది. "మనలో మనకు థాంక్సేమిటి, పరాయివాళ్ళమా!" అనేసి ఊరుకుంటాం. నేనూ నలభై ఏడేళ్ళు అలాగే ఊరుకున్నాను. అందులో తప్పెంతో ఒప్పెంతో తెలుసుకోడానికి నేను అమెరికా దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఇవాళ ఆ సంగతి మీతో చెప్పుకుందామని వచ్చాను.

మా అమ్మాయి న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ అనే ఊళ్ళో ఉంటుంది. తొలి కాన్పు. "అమ్మా, నువ్వు రావాలి" అంది. ఏ తల్లికైనా రెక్కలు కట్టుకుని వాలాలనే ఉంటుంది. కానీ మా అత్తగారు తుంటి ఎముక విరిగి మంచంలో ఉన్నారు. అన్నం కలిపి పెట్టడం దగ్గర్నించి అన్నీ మంచం మీదే. ఆవిడ అప్పుడు రాజమండ్రిలో నా దగ్గరే ఉన్నారు. ఆరు నెలలు ఎవరు చూస్తారు?

ధవళేశ్వరంలో మా బావగారూ, మా తోడికోడలూ ఉన్నారు. మా తోడికోడల్ని నేను అక్కయ్యా అని పిలుస్తాను. పిలుపు అక్కయ్యే గాని, అప్పటికి నాలుగేళ్ళుగా మా మధ్య మాటలు అంతంత మాత్రం. వేరు పడినప్పుడు సామాన్లు పంచుకోవడంలో ఒక ఇత్తడి గంగాళం దగ్గర మాటా మాటా వచ్చింది. నవ్వకండి. ఆస్తులు పంచుకునేటప్పుడు పొలాల దగ్గర రాని తగువు గరిటెల దగ్గర వస్తుందని మీకూ తెలుసు. గంగాళం ఆవిడ వంతుకు పోయింది. ఆ కోపం నా దగ్గర ఉండిపోయింది.

అలాంటి మనిషి, నేను అడక్కుండానే ఒకరోజు మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా, "నువ్వు వెళ్ళు. పురుడు ఎవరికోసమూ ఆగదు. అత్తయ్యగార్ని నేను తీసికెళ్తున్నాను" అంది. నేను "సరే అక్కయ్యా" అన్నాను. అంతే. అంతకంటే ఒక్క ముక్క అనలేదు. విమానం ఎక్కే హడావిడిలో అనాలని తోచనైనా లేదు.

అక్టోబరు మొదట్లో మనవడు పుట్టాడు. నవంబరు నెల వచ్చేసరికి, నాలుగో గురువారం అక్కడ పెద్ద పండగ అని తెలిసింది. థాంక్స్ గివింగ్ అంటారు. కృతజ్ఞతలు చెప్పుకునే రోజన్న మాట. ఆ ఏడు మనకి కార్తీకమాసంలో పడింది. గురువారం సెలవు, చాలామందికి శుక్రవారం కూడా సెలవు, ఆపైన శని ఆదివారాలు. మనవాళ్ళకి అక్కడ సంక్రాంతికీ ఉగాదికీ సెలవుండదు. పండగ ఏ రోజొచ్చినా శనివారానికి జరిపి చేసుకుంటారు. అంచేత నలుగురూ తీరిగ్గా కలుసుకోడానికి ఈ నాలుగు రోజులే దొరుకుతాయి. ఊరు కాని ఊళ్ళో పండగ కాని పండగ అలా వీళ్ళ పండగైపోయింది.

ఆ గురువారం మమ్మల్ని ఒక పెద్దావిడ భోజనానికి పిలిచింది. అమలాపురం వైపు ఆవిడ. అమెరికా ప్రభుత్వం 1965లో చట్టం మార్చి మనలాంటి దేశాలవాళ్ళకి తలుపు తీశాక, డాక్టర్లూ ఇంజనీర్లూ చాలామంది వెళ్ళారు. ఆవిడ డాక్టరైన భర్తతో 1970ల్లో వెళ్ళింది. అక్కడ అందరూ పెద్దమ్మగారనే పిలుస్తారు. "ఆ రోజుల్లో కందిపప్పు దొరికితే పండగేనమ్మా. 1976లో పిట్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి గుడి వెలిశాక, ఆరేడు గంటలు కారులో వెళ్ళి దణ్ణం పెట్టుకుని, మూడు రోజులపాటు తెలుగు మాట్లాడి వచ్చేవాళ్ళం" అని చెప్పింది.

రెణ్ణెల్లు నిండని పసివాణ్ణి ఆ చలిలో గడప దాటించడమేమిటని నేను సణిగాను గానీ, నా మాట ఎవరు వింటారు?

వెళ్ళేసరికి ఇల్లంతా మనుషులు. తలా ఒక వంటకం చేసి తెచ్చారు. అచ్చం మన కార్తీక వనభోజనమే, ఉసిరిచెట్టు ఒక్కటే లేదు. ఆ పండక్కి అక్కడివాళ్ళు టర్కీ కోడిని కాలుస్తారు, గుమ్మడికాయతో తీపి వంటకం చేస్తారు, క్రాన్‌బెర్రీ అనే ఎర్రటి పుల్లటి పళ్ళతో పచ్చడిలాంటిది చేస్తారు. మనవాళ్ళు ఆ గుమ్మడికాయని దప్పళంలో వేశారు. ఆ ఎర్రపళ్ళతో పప్పూ, పులిహోరా చేశారు. నోట్లో పెట్టుకుంటే మన వాక్కాయే! వాక్కాయ పప్పు తిన్న గోదావరి నాలుక ఎక్కడికెళ్ళినా దాని చుట్టాన్ని వెతుక్కుంటుంది కాబోలు. శాకాహారులకొక బల్లా, కోడి తినేవాళ్ళకి ఇంకో బల్లా వేశారు.

వడ్డనకి ముందు పెద్దమ్మగారి మనవరాలు, కాలేజీలో చదివే పిల్ల, నాకు ఈ పండగ కథ చెప్పింది. 1620లో మేఫ్లవర్ అనే ఓడలో 102 మంది ఇంగ్లండు నించి వచ్చి ప్లిమత్ అనే చోట దిగారట. మొదటి చలికాలానికే సగంమంది జబ్బులతో చనిపోయారు. మిగిలినవాళ్ళకి అక్కడి వాంపనోగ్ తెగవాళ్ళు తోడ్పడ్డారు. స్క్వాంటో అనే ఆయన మొక్కజొన్న గింజ పక్కన చేపను ఎరువుగా పాతి పండించడం నేర్పాడు. ఈయన్ని అంతకుముందు ఇంగ్లీషువాళ్ళే ఎత్తుకుపోయారు. ఎలాగో తిరిగొచ్చి చూసుకుంటే, ఊరు ఊరంతా అంటువ్యాధికి తుడిచిపెట్టుకుపోయింది. అలాంటి మనిషి ఆ వచ్చినవాళ్ళకి తిండి పండించుకోవడం నేర్పాడంటే, ఏమనాలి చెప్పండి?

1621లో పంట చేతికొచ్చాక మూడు రోజులు విందు చేసుకున్నారు. తొంభైమంది వాంపనోగ్‌లు ఆ విందుకి వచ్చారు, ఐదు జింకల్ని వేటాడి తెచ్చారు. ఇక్కడే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ చలికాలం దాటి బతికిన ఇంగ్లీషు ఇల్లాళ్ళు నలుగురే! అంతమందికి వండి వార్చిన భారం ఎక్కువగా ఆ నలుగురి మీదా, వాళ్ళ వెనక తిరిగే ఆడపిల్లల మీదా పడి ఉంటుందంటారు. పండగ పేరు కృతజ్ఞతల పండగ. మరి ఆ నలుగురికీ ఎవరైనా కృతజ్ఞత చెప్పారో లేదో!

ఈ పండగని దేశమంతా ఒకే రోజున చేసుకునేట్టు పట్టుబట్టింది కూడా ఒక ఆడదే. పేరు సారా జోసెఫా హేల్. మేరీ గొర్రెపిల్ల పాట మన పిల్లలు కూడా పాడతారు కదూ, అది రాసింది ఈవిడే. చిన్న వయసులో భర్త పోతే, ఐదుగురు పిల్లల్ని కలం మీద పెంచింది. ఆడవాళ్ళ పత్రికకి నలభై ఏళ్ళు సంపాదకురాలుగా ఉండి, ఏళ్ళ తరబడి ఆ పత్రికలో రాసి, ప్రెసిడెంట్ల మీద ప్రెసిడెంట్లకి ఉత్తరాలు వేసి, చివరికి 1863లో, అంతర్యుద్ధం మధ్యలో, అబ్రహాం లింకన్ చేత ప్రకటన చేయించింది. నవంబరు నాలుగో గురువారమని చట్టమైంది మాత్రం 1941లో.

అయితే ఆ పిల్ల ఇంకో మాట కూడా చెప్పింది. విందుకి వచ్చిన ఆ వాంపనోగ్‌ల వంశంవాళ్ళు, మిగతా తెగలవాళ్ళు, ఆ తర్వాత నేలంతా పోగొట్టుకున్నారు. అందుకని 1970 నించి అదే గురువారం నాడు ప్లిమత్‌లో చేరి సంతాపదినం పాటిస్తున్నారు. ఒకే రోజు ఒకరికి పండగ, ఒకరికి దుఃఖం. అన్నం పెట్టిన చెయ్యిని లోకం ఎంత తొందరగా మర్చిపోతుందో చూడండి.

మనం మాత్రం తక్కువ తిన్నామా? ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఆ కాటన్ దొరకి డెల్టాలో ఊరూరా విగ్రహాలున్నాయి. పాత ఆనకట్ట బదులు కట్టిన బ్యారేజీకీ ఆయన పేరే. ఉండవలసిందే. ఆయన దగ్గర పనిచేసిన వీణం వీరన్నగారు కొందరికి గుర్తు. కానీ ఆ రాళ్ళు మోసిన ఆడ కూలీ మగ కూలీ ఒక్కరి పేరు చెప్పమనండి!

సరే, కథలోకి వస్తాను. భోజనానికి ముందు ఒక్కొక్కరూ తాము ఎవరికి కృతజ్ఞులో చెప్పాలి. అది ఆ పండగ ఆనవాయితీ. భీమవరం నించి చదువుకోడానికొచ్చిన కుర్రాడు, ఫీజు కోసం చేను అమ్మిన వాళ్ళ నాన్నని తల్చుకుని కళ్ళు తుడుచుకున్నాడు. మా అల్లుడు "మా అత్తయ్యగారు రాకపోతే మేమేమైపోయేవాళ్ళమో" అన్నాడు. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. ఎందుకంటే నేను అక్కడ కూచుని మనవణ్ణి ఎత్తుకున్నానంటే, ఇక్కడ ఇంకొకరు అర్ధరాత్రి లేచి మా అత్తగార్ని పక్కకి తిప్పి పడుకోబెడుతున్నారు కాబట్టి.

నా వంతు వచ్చింది. "మా అక్కయ్యకి..." అన్నాను. గొంతు పెగల్లేదు. పెద్దమ్మగారు నా భుజం మీద చెయ్యి వేసి, "మాకు చెప్తే ఏం లాభం తల్లీ? ఆవిడకే చెప్పు" అంది.

ఇల్లు చేరి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి ఎనిమిది. ఇక్కడ తెల్లవారి ఆరున్నర.

"ఏమైంది? పసివాడు కులాసాయేనా?" కంగారుగా అడిగింది అక్కయ్య.

"కులాసాయే అక్కయ్యా. నువ్వు అత్తయ్యగార్ని చూస్తున్నందుకు... నీకు థాంక్స్ చెబుదామని చేశాను."

కాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత, "పొద్దున్నే ఏమిటే ఈ వేళాకోళం? నేను పరాయిదాన్నా? ఆవిడ నీ ఒక్కదానికే అత్తగారా? పాలు పొంగుతున్నాయి, ఉంటాను" అని పెట్టేసింది.

నిజం చెప్పొద్దూ, నాకు మనసు చివుక్కుమంది. మంచికి పోతే ఇంతే అనుకున్నాను. కానీ పసివాడికి పాలు పట్టే రాత్రిళ్ళు ఆలోచించగా, ఆవిడ మాటలోనూ న్యాయం కనపడింది. మన పెద్దవాళ్ళు కృతజ్ఞతని మాటతో చెల్లు వెయ్యలేదు, ఋణమన్నారు. ఋణమంటే తీర్చవలసింది. కనుమ పండగ చూడండి. ఏడాదంతా చాకిరీ చేసిన పశువుకి ఎవరైనా థాంక్స్ చెప్తారా? ఆ ఒక్క రోజు కాడి కట్టరు. కడిగి, బొట్టు పెట్టి, కొమ్ములకి రంగులేసి, కడుపునిండా మేపి, విశ్రాంతినిస్తారు. మనకి థాంక్స్ అంటే అదీ! మోసినవాళ్ళ భుజం మీంచి కాడి దించడం. (అక్కయ్య రేడియో వింటుంటే, తనని ఎద్దుతో పోల్చానని మళ్ళీ నాలుగేళ్ళు మాట్లాడదేమో!)

ఏప్రిల్ నెలలో తిరిగొచ్చి, సామాను ఇంట్లో పడేసి నేరుగా ధవళేశ్వరం వెళ్ళాను. పెరట్లో పొయ్యి మీద గంగాళం ఉంది. అదే, మా తగువు గంగాళం. అడుగు నల్లగా మసిబారిపోయింది. మా అత్తగారికి రోజూ వేణ్ణీళ్ళు అందులోనే కాస్తోందట. చూసి నాకు సిగ్గేసింది. ఇక మారు మాట్లాడకుండా, "అత్తయ్యగార్ని నేను తీసికెళ్తున్నాను. ఆరు నెలలు నా వంతు. నువ్వు హైదరాబాదులో మీ అబ్బాయి దగ్గరికెళ్ళు, కాశీ వెళ్ళు, ఊరికే పడుకో" అన్నాను. ఆవిడ తనొచ్చిన రోజున నేనన్నట్టే "సరే" అంది. అంతే.

గేటు దాటుతుంటే పక్కింటావిడ పిలిచింది. "మీరేనా అమెరికా నించి ఫోన్ చేసింది? మీ అక్కయ్యగారు వీధి వీధంతా చెప్పుకున్నారండీ. మా చెల్లెలు అంత దూరాన్నించి నాకు థాంక్స్ చెప్పడానికే ఫోన్ చేసిందీ అని!"

చూశారా! పాలు పొంగుతున్నాయన్న మనిషి, ఆ మాటని కొంగున ముడేసుకుని ఇన్నాళ్ళూ దాచుకుంది.

అంచేత నాకు తెలిసిందేమిటంటే, ఒట్టి మాట చాలదు, వంతు పంచుకోవాలి. అలాగని పంచుకున్నాం కదాని మాట మానక్కర్లేదు. విదిలించి కొట్టినా సరే, చెప్పాలి. అదీ ఊళ్ళోవాళ్ళకి కాదు, ఆ మనిషికే చెప్పాలి.

సాయంత్రం పని తెమిలాక ఒక్క క్షణం ఆలోచించండి. ఎవరి చాకిరీ మీద మీకు ఈ క్షణం తీరిక దొరికింది? అత్తగారా, కోడలా, ఆడపడుచా, అంట్లు తోమి వెళ్ళిన మనిషా? ఈ నెలలో ఒక్క పూట వాళ్ళ కాడి మీరెత్తుకోండి. ఇక ఇంట్లో చాకిరీ అంతా మీదే అయితే, ఈ ప్రసంగం రాత్రి భోజనాల దగ్గర మీవాళ్ళకి చెప్పండి. గంగాళం సంగతి కూడా చెప్పండి, నవ్వుకుంటారు.