పలుకుకు ముందరి క్షణం: నత్తి, మెదడు, వినికిడి

నత్తి సాధారణంగా రెండేళ్లకూ అయిదేళ్లకూ మధ్య మొదలవుతుంది. పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఏదో ఒక దశలో వచ్చి, చాలామందికి తగ్గిపోతుంది. పెద్దల్లో 1 శాతం మందికి మిగులుతుంది. నాలుక మందమనీ, భయమనీ, పసితనంలో వస పోయలేదనీ చెప్పే కారణాలతో ఇక్కడ పని లేదు. ఎడమ అర్ధగోళంలో మాటకు సంబంధించిన దారుల్లో తేడా ఉందనీ, కుడివైపు కదలిక ప్రాంతాలు అతిగా పనిచేస్తాయనీ దాదాపు అందరూ ఒప్పుకున్నదే.

తగువంతా వినికిడి దగ్గరే. 1996లో పీటర్ ఫాక్స్ బృందం ‘నేచర్’లో ప్రచురించిన పెట్ స్కాన్ అధ్యయనంలో, నత్తి ఉన్నవారు ఒంటరిగా చదివేటప్పుడు ఎడమ శ్రవణ ప్రాంతం మందకొడిగా కనిపించింది. మరో గొంతుతో కలిసి చదివితే నత్తీ తగ్గింది, ఆ మందకొడితనమూ చాలావరకు పోయింది. దీన్ని పట్టుకుని నత్తి అంటే వినికిడి లోపమే అనడం తొందరపాటు. ఈ ఉపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ రాజమహేంద్రవరం మాస్టారు హాజరు పిలిచేటప్పుడు నత్తిపడేవారు, పద్యం రాగమెత్తితే తడబడేవారు కారు. ఆయన చెవులు మాత్రం వెనక బెంచీ గుసగుసలను కూడా పట్టేవి.

మాట్లాడబోయే మెదడు తన గొంతు ఎలా వినిపిస్తుందో ముందే అంచనా వేసి, శ్రవణ ప్రాంతపు స్పందనను కొంత అణచి ఉంచుతుంది. డెరిక్ బీల్ బృందం 2010లో ఎంఈజీతో కొలిచి, పలికేటప్పటి అణచివేత నత్తి ఉన్నవారిలోనూ లేనివారిలోనూ ఒకటేననీ, స్పందన వచ్చే వేళలోనే తేడా అనీ చూపింది. నత్తి ఉన్నవారిలో ఈ అణచివేత లోపిస్తుందనే వాదం వీగిపోయిందనేవారికి ఇదే ఆధారం. 2015లో లూడో మాక్స్, అయూబ్ దలీరి మరో క్షణాన్ని పట్టుకున్నారు. నోరు మెదపక ముందే చిన్న ధ్వని వినిపించి, ఈఈజీతో స్పందన చూశారు. నత్తి లేనివారిలో అది తగ్గింది; ఉన్నవారిలో అంతగా తగ్గలేదు. ఈ రెండు ఫలితాలకూ పోటీ పెట్టడం అర్థం లేని పని. కాలువలో నీటి మట్టం సరిగా ఉన్నంత మాత్రాన లాకు తలుపు వేళకు తెరిచారని చెప్పలేం.

ఏళ్ల తరబడి నత్తిపడగా పడగా ఏర్పడిన అలవాటే ఈ తేడా అనేవారూ ఉన్నారు. 2018లో ఆ ఇద్దరే, సొంత గొంతును కాస్త ఆలస్యంగా వినిపిస్తే ఆ ముందస్తు తగ్గుదల నత్తి ఉన్నవారిలోనూ మామూలు స్థాయికి వస్తుందని చూపారు. పాతుకుపోయిన అలవాటైతే, చెవికి చేరే ధ్వని మారగానే ఇంత సులువుగా సర్దుకుంటుందా? పైగా 2011లో బీల్ బృందం నత్తి ఉన్న పిల్లల్లో సైతం స్పందన ఆలస్యాన్ని గమనించింది.

ఇక మిగిలింది తెలుగులో కొలవడం. నత్తి ఎక్కువగా పట్టేది మాట మొదట్లో. తెలుగు మాట ప్రత్యయాలతో వెనక్కి పెరుగుతుంది. ఇందుకోసం ఇప్పుడు సిద్ధమవుతున్న పదాల పట్టికలో ‘చెప్పాడు’ నుంచి ‘చెప్పించుకోలేకపోయాడు’ వరకు ఉన్నాయి. ఎక్కాలు వల్లించినట్టు రెండో గొంతుతో కలిపీ, ఒంటరిగానూ వీటిని పలికించాలి. అన్నీ ఒకే అక్షరంతో మొదలవుతాయి గనుక, పలుకుకు ముందరి స్పందనలో తేడా వస్తే దాన్ని అక్షరం మీదికి నెట్టే వీలుండదు.