మండీ గేటు ముందు పాత బండ్లు



మాది తంబళ్లపల్లె. మా పక్క పండిన టమోటాను మదనపల్లె మండీకి మోసే బండ్లలో పాత పికప్‌లు చాలా ఉంటాయి. మా చిన్నాన్నకూ ఒకటుంది. 2021 ఆగస్టులో కేంద్రం వాహనాల తుక్కు విధానం తెచ్చినప్పుడు ఆయన పొద్దున్నే ఫోన్ చేశాడు. "పదైదేండ్లు దాటితే బండి పట్టకపోతారంట కదప్పా, నిజమేనా?"

నిజం కాదు. మన దగ్గర ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, వచ్చినంత కాలం బండి తిరగొచ్చు. పదిహేనేళ్ల గీత కచ్చితంగా గీసింది సర్కారు బండ్లకు, 2023 ఏప్రిల్ 1 నుంచి. అయినా చిన్నాన్న భయాన్ని నేను తప్పుపట్టను. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లకు 2025 జూలై 1 నుంచి బంకుల్లో ఇంధనం ఆపమన్నారు. జనం మండిపడ్డారు, కొద్ది రోజుల్లోనే సర్కారు వెనక్కి తగ్గింది. కంటికి రెప్పలా చూసుకున్న బండినీ, పొగ కక్కే బండినీ ఒకే గాటన కడితే ఎవరికైనా కడుపు మండుతుంది.

అలాగని గుజరీ అంగడికి తోలేయమనను. అక్కడ ఇంజినాయిలు నేలలోకి ఇంకుతుంది. ఆర్సీ రద్దు కాకపోతే ఆ నంబరు ఏ దొంగబండికో అతుక్కోవచ్చు, అప్పుడు పోలీసులు వచ్చేది మన గడపకే. నమోదైన తుక్కు కేంద్రంలో ఆయిలు, బ్యాటరీ, ఏసీ గ్యాసు ముందుగా తీసి, ఆ తర్వాతే బండిని కోయాలి. యజమానికి డిపాజిట్ సర్టిఫికెట్ ఇవ్వాలి.

నా బాధంతా ఆ కాగితం దగ్గరే. అది చూపిస్తే కొత్త బండి పన్నులో రాయితీ ఉంటుంది: సొంత వాహనానికి 25 శాతం దాకా, రవాణా వాహనానికి 15 శాతం దాకా. బండి మీదే బతికేవాడికే తక్కువ! పైగా చిన్నాన్న కొనేది మళ్లీ సెకండ్ హ్యాండే. కొత్త బండికి కంతులు కట్టే శక్తి ఆయనకు లేదు. ఇనుము ధర తప్ప తనకేమీ రాదనుకున్నాడు. కానీ ఆ సర్టిఫికెట్‌ను కొత్త బండి కొనే మరొకరికి అమ్ముకోవచ్చని నిబంధనల్లోనే ఉంది. ఆ ముక్క ఆయనకు ఎవరూ చెప్పలేదు. మండీ గేటు దగ్గర నేనడిగిన డ్రైవర్లలో ఒక్కరికీ తెలీదు. పాత బండిని తుక్కుకివ్వడం జనానికి ఇష్టం లేదని మనం తేల్చేస్తున్నాం గానీ, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పిందెవరు?

ఈ రాత్రి ఇంటికి పోయాక మీ ఇంటి బండి ఆర్సీ తీసి తేదీ చూడండి. ఆ డిపాజిట్ సర్టిఫికెట్ సంగతి మీ నాయనకు చెప్పండి, పక్కింటి డ్రైవరన్నకూ చెప్పండి.