కొంగుముడియు, కవిలెకట్టయు
(గ్రంథాలయ రజతోత్సవ సభకై సిద్ధపరచిన ఉపన్యాస పాఠము)



మరపు మానవునకు సహజము. దానిని జయించుటకు పూర్వులు రెండు ఉపాయములను అనుసరించిరి. సంతకు పోవు ఇల్లాలు చీరకొంగున ముడి వేసికొనెడిది. గ్రామకరణము పొలముల విస్తీర్ణమును, శిస్తు లెక్కలను కవిలెలో వ్రాసి యుంచెడివాడు. కొంగుముడి “చేయవలసిన పని యొకటి కలదు” అని హెచ్చరించునే గాని, ఆ పని యేదో చెప్పజాలదు. కవిలెకట్ట సమస్తమును చెప్పగలదు గాని, విప్పి చూచువాడు లేనిచో మౌనముగా నుండును. మొదటిది కర్తవ్యమునకు గుర్తు. రెండవది తెలిసిన విషయమునకు నిలువ. ఈ రెండింటిని ఒక్క అరచేతిలో ఇముడ్చవలెనని జరిగిన ప్రయత్నము, వ్రేలితో తాకినంతనే పనిచేయు తెరగల స్మార్ట్‌ఫోనుల తొలి చరిత్రలో కానవచ్చును. ఆ చరిత్రయందు ప్రతి గృహస్థునకు పనికివచ్చు పాఠమొకటి కలదు.

అట్టి ఫోనులలో మొదటిదిగా ఎన్నబడుచున్నది ఐ.బి.ఎం. సంస్థవారి ‘సైమన్’. ఫ్రాంక్ కనోవా అను ఇంజనీరు దీని రూపకల్పనకు ముఖ్యుడు. 1992 నవంబరులో అమెరికాలోని లాస్ వేగాస్ నగరమున జరిగిన ప్రదర్శనలో దీని నమూనా చూపబడెను. 1994 ఆగస్టులో ఆ దేశముననే బెల్‌సౌత్ సంస్థ ద్వారా విక్రయమునకు వచ్చెను. దాని బరువు సుమారు అరకిలో. మాటలాడుటయే గాక చిరునామాల పుస్తకము, తేదీల పట్టిక, చేయవలసిన పనుల జాబితా, వ్రాతపలక కూడ అందులో ఇమిడియుండెను. కాని ఒప్పందముతో కొన్నవారికి సైతము 899 డాలర్ల వెల పడెను. ఒక గంటసేపు మాటలాడినచో బ్యాటరీ అడుగంటెడిది. ఇంచుమించు 50,000 సైమన్‌లు అమ్ముడుపోయిన పిమ్మట, 1995 ఫిబ్రవరిలో దాని విక్రయము నిలిచిపోయెను. ఆలోచన గొప్పదే. అయినను రోజంతయు మేలుకొని యుండలేని సాధనమునకు రోజంతటి పనులను అప్పగించుట ఎట్లు?

తరువాతి అడుగు వేసినవాడు జెఫ్ హాకిన్స్. ఆయన యంత్రమును నిర్మించుటకు ముందుగా, ఆ పరిమాణముగల చెక్కముక్క నొకదానిని చేయించుకొని చొక్కా జేబులో పెట్టుకొని తిరిగెను. ఎవరైన సమావేశమునకు రమ్మన్నప్పుడు ఆ చెక్కను తీసి, పుల్లతో దానిపై వ్రాయుచున్నట్లు నటించెడివాడు. చూచువారికి అది పిచ్చిపనిగా తోచియుండవచ్చును. కాని చేతిలోని వస్తువు ఏయే సమయములలో నిజముగ అవసరమగునో ఆ చెక్కయే ఆయనకు నేర్పెను. 1996లో వెలువడిన ‘పైలట్’ అను చేతిపరికరమున నాలుగు ముఖ్యమైన మీటలుండెను: తేదీలకు ఒకటి, చిరునామాలకు ఒకటి, పనులకు ఒకటి, జ్ఞాపికలకు ఒకటి. పనుల ప్రాముఖ్యమునుబట్టి 1 మొదలు 5 వరకు అంకె వేయవచ్చును. ముగిసినదానికి గుర్తు పెట్టవచ్చును. కొంగుముడికి ఒక గది, కవిలెకు ఒక గది ఏర్పడెనన్న మాట. అదే ఏర్పాటు 2002లో హ్యాండ్‌స్ప్రింగ్ సంస్థవారి ‘ట్రియో 180’ ఫోనులోను కానవచ్చెను.

అయినను అందొక గండము పొంచియుండెను. ఆనాటి ఆ పరికరములలో వ్రాసినదంతయు బ్యాటరీ బలముపైననే నిలిచియుండెడిది. బ్యాటరీ పూర్తిగా ఆరిపోయినచో పనులు, చిరునామాలు, జ్ఞాపికలు అన్నియు తుడిచిపెట్టుకొని పోవును. దీనికి విరుగుడుగా, పరికరమును కంప్యూటరునకు కలిపి, ఒక మీట నొక్కి, ప్రతి తీసియుంచు సదుపాయము కల్పింపబడెను. ఆ మీట నొక్కు అలవాటు కలవారు పోగొట్టుకొన్నదానిని మరల పొందగలిగిరి. రేపు చూతములెమ్మని ఊరకున్నవారికి ఏమియు మిగులలేదు.

2007 జూన్ 29వ తేదీన ఆపిల్ సంస్థవారి ఐఫోన్ అమెరికాలో విడుదలయ్యెను. పుల్లతో పనిలేదు, వ్రేలు చాలును. అందలి జ్ఞాపికల పుటలు పసుపుపచ్చని గీతల కాగితమువలె నుండెను. వ్రాసినదానిని ఈ-మెయిలుగా పంపవచ్చును. కాని పనుల జాబితాకు వేరుగ చోటు లేదు. ఒకచోట వ్రాసిన మాటలను ఎత్తి మరియొకచోట చేర్చు వీలు 2009 జూన్ వరకు కలుగలేదు. కర్తవ్యములను గుర్తుచేయు ‘రిమైండర్స్’ అను ప్రత్యేక విభాగము 2011 అక్టోబరులో గాని రాలేదు. ఇతరులు తయారుచేసిన పరికల్పనలను చేర్చుకొను ‘ఆప్ స్టోర్’ 2008 జూలైలో తెరువబడిన పిదప, జ్ఞాపికలకు ఎవర్‌నోట్, పనులకు ఆమ్నీఫోకస్ వంటివి లభించినవి. అంతవరకు పనులను సైతము జ్ఞాపికలలోనే వ్రాసికొనవలసివచ్చెను. బంధువుల చిరునామా ప్రక్కన పాలబాకీ, వంట విధానము క్రింద ఫీజు గడువు! కవిలెలో ముడి వేసినచో ఆ ముడి ఎవరి కంట పడును?

2008 ఆగస్టులో ఐఫోన్ 3జీ భారతదేశమునకు వచ్చినప్పుడు అందులో తెలుగు మీటల పలక లేకుండెను. తెలుగువాడు తన ఇంటిమాటను ఆంగ్లాక్షరములలో వ్రాసికొనవలసినవాడయ్యెను. వ్రాయుటకు ప్రయాసమైనది క్రమముగ వ్రాయక మానుటకు దారితీయును. జ్ఞాపిక తన లిపిలో తనకు సులభముగ నుండవలెనను సంగతి స్వల్పమైనది కాదు.

2001లో వెలువడిన ‘గెటింగ్ థింగ్స్ డన్’ అను గ్రంథమున డేవిడ్ అలెన్ అను అమెరికా రచయిత ఈ విషయమున ఒక పద్ధతిని బోధించెను. మనస్సును వేధించు ప్రతి పనిని నమ్మకమైన చోట వ్రాసి పెట్టవలెను. తరువాత చేయవలసిన మొదటి క్రియ యేదో నిర్ణయించుకొనవలెను. వారమునకొకమారు ఆ జాబితా నంతటిని తిరిగి చూడవలెను. “ఎరువు” అని వ్రాసికొన్న రైతునకు ఆ మాట చింతను మాత్రమే కలిగించును. “మంగళవారము సొసైటీకి పోయి యూరియా వచ్చినదేమో అడుగవలెను” అని వ్రాసికొన్నవానికి కాళ్లు కదలును. వ్రాసినదానిని వారమునకొకమారైన చూడనివాని ఫోను ఎంత ఖరీదైనదైనను, అటుకపైని కవిలెకట్టతో సమానమే.

ఈ సూత్రము గ్రంథాలయమునకు క్రొత్తది కాదు. ఏ గ్రంథాలయమునందైనను రెండు పుస్తకములుండును. కొనిన గ్రంథముల వివరములు వ్రాయు పట్టీ యొకటి. ఎవరికి ఏ పుస్తకము ఇచ్చినది, ఏ తేదీకి తిరిగి రావలెను అని తెలుపు పద్దు రెండవది. పట్టీ కవిలె, పద్దు కొంగుముడి. పట్టీ లేనిచో ఉన్నదేమో తెలియదు. పద్దు లేనిచో ఉన్నది మిగులదు. ఆ రెండును ఉండియు, సాయంకాలము బీరువా తెరచిన చేతులు ఆ పద్దును తెరువకున్నచో పుస్తకములు ఒక్కొక్కటిగ కనుమరుగగును. గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట యనగా, అన్ని యేండ్లు ఎవరో యొకరు ఆ పద్దును విసుగులేక విప్పి చూచుటయే.

నేడు ప్రతి యింట ఫోను కలదు. యువకులు అందులో పనులకొక చోటును, జ్ఞాపికలకొక చోటును ఏర్పరచుకొందురు గాక. తల్లిదండ్రులు చెప్పిన పొలముల హద్దులు, వైద్యుడు చెప్పిన మందుల పేర్లు తెలుగులోనే వ్రాసికొందురు గాక. ముఖ్యమైనదానికి కాగితముపై నొక ప్రతి తీసి ఇంటనుంచుదురు గాక. వారమునకొక సాయంకాలము గ్రంథాలయమునకు వచ్చినప్పుడు, పత్రిక తెరచుటకు ముందుగా ఆ జాబితాను ఒకమారు తెరచి చూతురు గాక.

స్వస్తి.