హ్రస్వదృష్టి: బిడ్డల కన్నులయెడ మన కర్తవ్యము
(సంఘ వార్షిక మహాసభయందు ఒక నేత్రవైద్యుడు గావించిన ఉపన్యాసము)



విద్యానిధికి విరాళములొసగి మన బాలబాలికలను జదివించుచున్న దాతలు పెక్కుమంది యీ సభయందున్నారు. పుస్తకములు కొనియిచ్చితిమి, వానిని జదువవలసిన కన్నుల సంగతి విచారించితిమా యని యడుగుటకే నేను లేచితిని.

దగ్గరివి స్పష్టముగను, దూరపువి మసకగను గనబడుటయే హ్రస్వదృష్టి. కంటిగ్రుడ్డు ముందువెనుకలకు మితిమీరి సాగుటచేత, లోనికి వచ్చిన వెలుతురు రెటీనాపై గాక దాని ముందే కేంద్రీకృతమగును. నిడివి ఒక్క మిల్లీమీటరు పెరిగినను దోషము ఇంచుమించు 2.5 డయాప్టరులగును. 2 డయాప్టరుల దోషముగల బిడ్డకు అరమీటరునకు ఆవలనున్నదంతయు మసకయే. ఇక నల్లబల్ల మాట చెప్పనేల?

అయినను ఆ బిడ్డ తనకు చూపు తక్కువని చెప్పడు. లోకమెల్లరకు నట్లే కనబడునని తలచును. ఉపాధ్యాయుడు మందమతి యనును, తండ్రి సోమరి యనును. బాల్యమున నేనును ఆ మాటలు పడినవాడనే. సులోచనములు ధరించిననాడుగాని వేపచెట్టు ఆకులు క్రిందినుండియు విడివిడిగా నగపడునని నాకు దెలియలేదు. కావున కన్నులు చికిలించుట, పుస్తకమును ముక్కునకు జేర్చుట మున్నగు గుర్తులను పెద్దలే కనిపెట్టవలయును.

పరీక్ష కష్టము కాదు. 1862లో స్నెల్లెను పండితుడు ప్రకటించిన అక్షరపటమును 6 మీటరుల దూరమునుండి ఒక్కొక్క కంటితో జదివించుట మొదటి మెట్టు. పిల్లలకు కంటిలోని కండరమును సడలించు చుక్కలు వేసి పవరు నిర్ణయించుట మేలు. లేనిచో లేని దోషము ఉన్నట్లు తోచును.

దోషమునకు దగిన పుటాకార కటకములే ముఖ్యోపాయము. జోడు పెట్టినచో కన్ను చెడుననుట అపోహ. తక్కువ పవరు పెట్టినచో దోషము నిలుచుననుటయు అపోహయే. విటమిను ఎ రేచీకటిని మాన్పునుగాని సాగిన కంటిని గుదింపజాలదు. మఱి ఆరుబయటి వెలుతురు మేలుచేయును. చీనాలోని గ్వాంగ్‌ఝౌ నగరమున మొదటితరగతి పిల్లలకు బడిదినములందు 40 నిమిషములు అదనముగా ఆరుబయట గడపు అవకాశము కల్పింపగా, మూడేండ్లలో క్రొత్తగా హ్రస్వదృష్టి కలిగినవారు నూటికి 30 మంది. కల్పింపని బడులలో ఇంచుమించు 40 మంది. ఇది 2015లో ప్రకటితమైనది. దోషము వడిగా పెరుగు పిల్లలకు స్వల్పమోతాదు అట్రోపిను చుక్కలు, ప్రత్యేక కటకములు కలవు. అవి వైద్యుని పర్యవేక్షణలోనే వాడదగినవి.

పెద్దలకొక హెచ్చరిక. లేజరు చికిత్స పవరు స్థిరపడిన పిదప చేయదగినది. అది కంటి ముందుపొరను సవరించునేగాని సాగిన గ్రుడ్డును గుదింపదు. కావున రెటీనా యూడు ప్రమాదము దానితో దొలగదు. హఠాత్తుగా మెఱుపులు, నల్లని చుక్కలు, తెరవంటి నీడ కనబడినచో నాడే వైద్యుని జూడవలెను. ముదిమిలో జోడులేకయే చదువగలుగుచున్నామని సంతసించువారును పరీక్ష చేయించుకొనవలెను. అది శుక్లపు తొలిరూపము కావచ్చును.

కడపటి మాట. నే నెఱిగిన యొక యింట, 4 డయాప్టరుల దోషముగల కన్యకు పెండ్లిచూపులనాడు జోడు తీసి దాచిరి. ఎదుట కూర్చున్న వరుని మొగమైన నామెకు స్పష్టముగ గనబడలేదు. తాను చూడని వాని కామె సమ్మతి తెలిపినది! కుఱ్ఱవానికి విద్యాచిహ్నమైన జోడు పిల్లకు లోపమెట్లగును?

విద్యార్థివేతనము పొందు ప్రతి బాలునకు, ప్రతి బాలికకు ఏటేట నేత్రపరీక్ష జరిపించుట, లేనివారికి సులోచనములిప్పించుట, పెండ్లిచూపులలో జోడు దాచు నాచారమును మానుట—ఈ మూడును ఈ మహాసభ తీర్మానింపవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాను.