అయస్కాంతమూ, మన పిల్లల చదువూ
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పమని మమ్ములను కోరినారు. విద్య అవసరమని ఏటేటా చెప్పుకుంటూనే ఉన్నాము. కనుక ఈసారి ఒక్క వస్తువును పట్టుకొని చెబుతాము. అది అయస్కాంతం. మన ఇండ్లలో మఖ్నాతీస్ అంటాము.

శంషాబాద్ రోడ్డు మీద బ్యాటరీ స్కూటర్లు, కార్లు తిరగడం చూస్తున్నారు గదా! వాటిలో చాలావాటి మోటారులో ఉండేది నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసిన అయస్కాంతం. జపానులో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ వారు వేరువేరుగా దీనిని కనుగొని 1983లో ప్రకటించారు. ఆ మిశ్రమాన్ని నాలుగైదు మైక్రాన్ల పొడి చేస్తారు. తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు! ఆ జర్రాలన్నింటినీ అయస్కాంత క్షేత్రంలో ఒకే దిక్కుకు తిప్పి, అదిమి, 1000 డిగ్రీలకు పైగా కాలుస్తారు.

దానిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ఇటుకల గోడలాగ ఉంటుంది. ఇటుకల మధ్య సున్నంలాగ నియోడిమియం ఎక్కువున్న పలుచని పొర. వేడికి ఒక జర్రా దిక్కు మార్చుకుంటే పక్కదానిని కూడా లాగకుండా ఆపేది ఆ పొరే. పొర సరిగా లేనిచోట అయస్కాంతం బలహీనం. మోటారులో వేడి 150 డిగ్రీలదాకా పోవచ్చు. తట్టుకొనేందుకు డిస్ప్రోసియం కలుపుతారు. 2025 ఏప్రిల్‌లో చైనా దాని ఎగుమతిపై ఆంక్షలు పెట్టగానే ఎన్నో దేశాల వాహన కర్మాగారాలు ఇబ్బంది పడ్డాయి. అందుకే జర్రాలను ఇంకా చిన్నవి చేయడం, డిస్ప్రోసియాన్ని ఇటుక అంచులకే పట్టించడం ఇప్పటి పరిశోధన.

ఇది ఎక్కడో పరదేశంలోనే జరిగే పని కాదు. బాలాపూర్‌లో ఏ.ఆర్.సి.ఐ. వారు ఈ అయస్కాంతాలపై పనిచేస్తున్నారు. కంచన్‌బాగ్‌లోని డి.ఎం.ఆర్.ఎల్. సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు తయారుచేసే పద్ధతిని సాధించింది. ఆ రకం అయస్కాంతాల కర్మాగారాన్ని 2023 మేలో విశాఖపట్నంలో జాతికి అంకితం చేశారు. మన తొండుపల్లికి బాలాపూర్ ఏమంత దూరం?

మోటారు విప్పి తీగ చుట్టడంలో మన పిల్లలు ఎవరికీ తీసిపోరు. కాని ఆ మోటారు లోపలి లెక్క నేర్చుకొనే ముందే, పదో తరగతితో చదువు ఆగిపోతున్నది. "ఉర్దూ మీడియం వాండ్లకు సైన్సు రాదు" అనేవారికి ఒకటే జవాబు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సైన్సు కూడా ఉర్దూలోనే చెప్పినారు. లోపం భాషది కాదు. ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు దాటే వంతెన లేదు, అంతే.

అందుచేత సొసైటీకి మా మనవి: పదో తరగతి పరీక్షలు కాగానే రెండు నెలలు లెక్కలు, భౌతికశాస్త్రం క్లాసులు నడపండి. సైన్సు మాటలను ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషులలో పక్కపక్కన అచ్చువేసి పంచండి. అనుమతి అడిగి, పిల్లలకు ఒకసారి ప్రయోగశాల చూపించండి. తల్లిదండ్రులారా, ఆడపిల్లను కూడా ఆ బస్సు ఎక్కించండి. పాఠం చెప్పడానికి మేమున్నాము.